ముందు గది, తర్వాతే ప్రొజెక్టర్

ఇంట్లోకి ప్రొజెక్టర్ కొనాలనుకునేవాళ్లు ధర చూసే ముందు హాల్లో సీలింగ్ ఫ్యాన్ ఎక్కడుందో చూడాలి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒక మామూలు డాబా ఇల్లు, అందులో పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు ఉన్న హాలు అనుకుందాం. నట్టనడుమ ఫ్యాన్ ఉంటుంది. మేలో అది ఆపితే సినిమా సంగతి తర్వాత, గదిలో మనిషి కూర్చోలేడు. ప్రొజెక్టర్‌ని శ్లాబుకి బిగిస్తే దాని వెలుగు ఫ్యాన్ రెక్కలను రాసుకుంటూ పోయే ప్రమాదం ఉంది. అదే జరిగితే తెర పైభాగంలో సినిమా నడిచినంతసేపూ ఒక నీడ గిరగిరా తిరుగుతూ ఉంటుంది. లక్షన్నర పెట్టి కొన్నా, పన్నెండు వేలకి కొన్నా ఆ నీడలో తేడా ఉండదు.

కొనేవాళ్లు ఎక్కువగా పోల్చి చూసేది ధరలను, ల్యూమెన్లను (అంటే ప్రొజెక్టర్ ఇచ్చే వెలుగు కొలతను), 4కె ముద్రను. కానీ పెట్టిన డబ్బులో ఎంత తెర మీద కనిపిస్తుందో తేల్చేది గదే. అందులో చీకటి ఎంత, గోడ రంగేమిటి, ప్రొజెక్టర్ పెట్టెను పెట్టడానికి చోటెక్కడ అన్నవి ముందు చూసుకోవాలి. ఈ మూడూ తేలాక ధరల పట్టిక చూస్తే సగం మోడళ్లు వాటంతటవే పక్కకి పోతాయి.

చోటు సంగతి చూద్దాం. మూల నుంచి ఎదురు మూలకి వంద అంగుళాలుండే బొమ్మ వెడల్పు ఏడుంపావు అడుగులు, ఎత్తు నాలుగు అడుగుల పైన ఒక అంగుళం. పది అడుగుల గోడ మీద అది సుఖంగా పడుతుంది. ప్రతి ప్రొజెక్టర్‌కీ త్రో రేషియో అని ఒక సంఖ్య ఉంటుంది. బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో పెట్టెను పెట్టాలో అది చెబుతుంది. 1.2 ఉన్నదైతే వంద అంగుళాలకి సుమారు ఎనిమిది ముప్పావు అడుగులు, 1.5 ఉన్నదైతే పదకొండు అడుగులు కావాలి. మన ఇళ్లలో చాలాచోట్ల వెనక గోడకి ఏడడుగుల ఎత్తున అటక ఉంటుంది. ఫ్యాన్ రెక్కలకి కిందుగా ఉంటుంది కాబట్టి ప్రొజెక్టర్‌కి అంతకంటే మంచి చోటు దొరకదు. చిక్కల్లా దూరంతోనే. అటక అంచు నుంచి ఎదురు గోడకి పన్నెండున్నర అడుగులు ఉందనుకుంటే, 1.2 రేషియో ఉన్న ప్రొజెక్టర్ అక్కడి నుంచి పది అడుగులకి పైగా వెడల్పున్న బొమ్మ వేస్తుంది. అంటే గోడ చాలదు. తక్కువ ధర మోడళ్లలో లెన్స్‌తో చేసే జూమ్ ఉండదు. మెనూలో కనిపించే జూమ్ బొమ్మను చిన్నది చేస్తుంది కానీ, ఆ మేరకి పిక్సెళ్లనూ వెలుగునూ వదిలేస్తుంది. 1.5 రేషియోతో లెన్స్ జూమ్ ఉన్నదైతే అదే అటక మీద చక్కగా కుదురుతుంది. అందుకే షాపుకి వెళ్లే ముందు టేపుతో ఒకసారి హాలు కొలుచుకోవడం మంచిది.

కీస్టోన్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ప్రొజెక్టర్‌ని బీరువా మీద ఒక మూలకి పెట్టి గోడ వైపు ఏటవాలుగా తిప్పితే బొమ్మ వంకరగా పడుతుంది. దాన్ని తనంతట తానే సరిచేస్తుందని ఆటో కీస్టోన్‌ను ఈమధ్య గొప్పగా అమ్ముతున్నారు. నిజానికి అది సరిచేసేది బొమ్మ అంచులు కోసి. బొమ్మలో ఉండే 1080 పిక్సెల్ వరుసల్లో కొన్ని వృథాగా పోతాయి, మిగిలిన అక్షరాల అంచులు కాస్త నలుగుతాయి. బల్ల మీద ఒక రాత్రి వాడుకోడానికి అది సౌకర్యమే. ఎప్పటికీ ఒకేచోట ఉండే పెట్టెకి మాత్రం గోడకి ఎదురుగా, నిటారుగా బిగించుకోవడమే మంచిది. లెన్స్ షిఫ్ట్ ఉన్న మోడల్‌లో బొమ్మను పైకీ కిందికీ జరపడానికి లెన్సే కదులుతుంది, పిక్సెల్ ఒక్కటీ పోదు. ఆ సౌకర్యం ఖరీదైన వాటిలోనే ఎక్కువగా దొరుకుతుంది.

ఇక వెలుగు. పెట్టె మీద 9,000 ల్యూమెన్లని రాసి ఉంటుంది, ధర చూస్తే ఎనిమిది వేలు. ఆ అంకెకి లెక్క లేదు. నమ్మదగ్గ కొలతలు రెండు, ఆన్సీ ల్యూమెన్లు, ఐఎస్ఓ ల్యూమెన్లు. తెరని తొమ్మిది గళ్లుగా అనుకుని, ఒక్కో గడి మధ్యలో పడే వెలుగును కొలిచి, సగటు తీసి, తెర వైశాల్యంతో గుణించగా వచ్చేది ఆన్సీ లెక్క. ఉత్త ల్యూమెన్లనో, ఎల్ఈడీ ల్యూమెన్లనో రాశారంటే లోపలి బల్బు దగ్గరి వెలుగును చెబుతున్నారనుకోవాలి. ఒక్కోసారి అదీ కాదు, నోటికొచ్చిన అంకె. అలాంటి పెట్టెల్లో తెర దాకా చేరేది తరచుగా రెండు మూడు వందల ఆన్సీ ల్యూమెన్లే.

మరి ఎంత వెలుగు చాలు? వంద అంగుళాల తెర వైశాల్యం దాదాపు 30 చదరపు అడుగులు. ఆన్సీ ల్యూమెన్లను 30తో భాగిస్తే తెర వెలుగు ఫుట్ లాంబర్ట్‌లలో వస్తుంది. డిజిటల్ సినిమా హాళ్లకి పెట్టిన ప్రమాణం 14. ఈ లెక్కన పూర్తి చీకట్లో, మామూలు తెల్ల తెర మీద 420 నిజమైన ల్యూమెన్లతో ఇంట్లో థియేటర్ వెలుగు వచ్చేస్తుంది. చాలామంది నమ్మరు కానీ లెక్క ఇదే. అయితే మూడు కోతలు తీసేయాలి. రంగులు సహజంగా కనిపించే సినిమా మోడ్ పెడితే వెలుగు మూడో వంతు, ఒక్కోసారి సగం తగ్గుతుంది. లాంప్ వయసుతో పాటు మసకబారుతుంది. బొమ్మను 120 అంగుళాలకి పెంచితే వైశాల్యం 44 శాతం పెరిగి వెలుగు ఆ మేరకి పలచబడుతుంది. వంద అంగుళాల దగ్గరే ఆగితే, మిగతా కోతలు పోయాక కూడా చీకటి గదిలో వెయ్యి నిజమైన ల్యూమెన్లు దాదాపు సరిపోతాయి.

అలాంటప్పుడు మూడు వేల ల్యూమెన్లవి ఎందుకు అమ్ముతున్నారంటే, మన ఇళ్లలో చీకటి ఉండదు కాబట్టి. వీధి గుమ్మం తలుపు రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది. కిటికీలోంచి వీధి దీపం పడుతుంది, వంటింట్లో లైటు వెలుగుతూనే ఉంటుంది. ప్రొజెక్టర్ నలుపును వెలిగించలేదు. తెర మీద నలుపంటే వెలుగు పడని గోడ, అంతే. ఆ గోడ మీద ట్యూబ్‌లైట్ పడుతుంటే హీరో వేసుకున్న నల్ల చొక్కా కూడా గోడ రంగులోనే ఉంటుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. హాల్లో లైటు వల్ల గోడ మీద 50 లక్స్ వెలుగు (లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద పడే ల్యూమెన్ల లెక్క) పడుతోందనుకోండి. వెయ్యి ల్యూమెన్ల ప్రొజెక్టర్ వంద అంగుళాల బొమ్మ మీద దాదాపు 363 లక్స్ వేస్తుంది. తెలుపుకీ నలుపుకీ తేడా ఎనిమిది రెట్లు, అంతకు మించి రాదు. మూడు రెట్లు డబ్బు పోసి మూడు వేల ల్యూమెన్లది తెస్తే ఆ తేడా 23 రెట్లు అవుతుంది. అదే పాత వెయ్యి ల్యూమెన్లదాన్ని ఉంచి, హాల్లో లైటు ఆపి, కిటికీలకి వెలుతురు చొరని దళసరి కర్టెన్లు కట్టి, వెలుగును ఒక లక్స్‌కి తగ్గిస్తే? ఒకేసారి 360 రెట్లు దాటుతుంది. కర్టెన్లకి అయ్యే ఖర్చు రెండు మూడు వేలు. ప్రొజెక్టర్లకి సంబంధించి ఇంతకంటే లాభసాటి ఖర్చు ఇంకోటి లేదు.

ఇది ఒప్పుకోలేని ఇళ్లూ ఉంటాయి. సాయంత్రం పూట పెద్దవాళ్లు సీరియల్ చూస్తూ ఉంటారు, పిల్లలు పక్కనే లైటు కింద చదువుకుంటూ ఉంటారు, వచ్చేపోయే వాళ్లుంటారు. అలాంటి హాలుకి ప్రొజెక్టర్ కొనడం తప్పు. అక్కడ 55 అంగుళాల టీవీయే సరైనది. మామూలు టీవీ వెలుగు 300 నిట్ల (తెర వెలుగును కొలిచే మరో కొలత) దాకా ఉంటుంది. వంద అంగుళాల మీద అంత వెలుగు కావాలంటే 2,600 నిజమైన ల్యూమెన్లు ఉండాలి. ఆపైన టీవీ ప్యానెల్ పుట్టుకతోనే నల్లనిది కాబట్టి పగలు కూడా దాని నలుపు నలుపుగానే ఉంటుంది. ప్రొజెక్టర్ మేడ మీద గదికి, రాత్రి పూటకి, సినిమా చూడాలని కావాలని కూర్చునే వాళ్లకి. ఈ విభజన ముందే చేసుకుంటే ఇంట్లో తర్వాత గొడవలుండవు.

ఇప్పుడు ధరలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు రాసిన రివ్యూల్లోని ధరలను ఆ తేడాతో చదువుకోవాలి.

పది వేల లోపు దొరికేవన్నీ దాదాపు ఒకే జాతి. లోపల ఒకే ఒక్క ఎల్‌సీడీ ప్యానెల్, దాని వెనక ఒక ఎల్ఈడీ, ముందు సాదా లెన్స్ ఉంటాయి. 4కె సపోర్ట్ అని రాసి ఉంటుంది. దానర్థం 4కె సిగ్నల్ ఇస్తే తీసుకుంటుందని, చూపించేది మాత్రం చాలావాటిలో 1280x720 పిక్సెళ్లే. నేటివ్ రిజల్యూషన్, అంటే ప్యానెల్‌లో నిజంగా ఉన్న పిక్సెళ్లు ఎన్నో వెతికి చూడాలి. దీన్ని పరీక్షించడానికి తెలుగు న్యూస్ చానెల్ కంటే మంచి సాధనం లేదు. కింద పరిగెత్తే స్క్రోలింగ్ వంక చూడండి. "రాష్ట్రం"లో ష కింది ట, ర వత్తులు, "స్వాతంత్ర్యం"లో త కింది ర, య వత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయా, ముద్దగా కలిసిపోయాయా? ఇంగ్లీషు అక్షరాలు 720 వరుసల్లోనూ బాగానే కనిపిస్తాయి, మన వత్తులు కనిపించవు. తర్వాత నాలుగు మూలలూ చూడాలి. మధ్యలో ఫోకస్ కుదిరితే మూలలు మసక, మూలలు సరిచేస్తే మధ్య మసక. సాదా లెన్స్‌తో వచ్చే జబ్బు ఇది, సెట్టింగ్స్‌తో పోదు.

అంతమాత్రాన ఇవి పనికిరానివి కావు. పడకగదిలో, లైట్లన్నీ ఆపి, 60 అంగుళాలకి మించకుండా వేసుకుంటే 200 ల్యూమెన్లు కూడా థియేటర్ వెలుగును దాటతాయి, ఎందుకంటే ఆ సైజులో వైశాల్యం పదకొండు చదరపు అడుగులు కూడా ఉండదు. పిల్లలకి కార్టూన్లు, అప్పుడప్పుడు ఒక పాత సినిమా అయితే చాలు. కాకపోతే లోపలి ప్యానెల్‌కి దుమ్ము నుంచి రక్షణ ఉండదు. ఏడాది తిరిగేసరికి చీకటి సీన్లలో బూడిద రంగు మచ్చలు కనిపిస్తాయి. వేడికి పోలరైజర్ (ప్యానెల్ దగ్గర వెలుగును వడగట్టే పొర) మాడితే పసుపు పచ్చని మరక ఒకటి శాశ్వతంగా ఉండిపోతుంది. బాగు చేయించడం కంటే కొత్తది కొనుక్కోవడమే నయం.

పదిహేను నుంచి పాతిక వేల మధ్య దొరికేవి కూడా ఎల్‌సీడీవే, కానీ దుమ్ము చొరకుండా మూసిన లోపలి భాగం, నిజంగా 1080 వరుసలు, నాలుగైదు వందల ఆన్సీ ల్యూమెన్ల దాకా వెలుగు ఉన్నవి దొరుకుతాయి. మేడ మీద గదిలో రాత్రి పూట 80 నుంచి 100 అంగుళాలకి ఇవి న్యాయం చేస్తాయి. తక్కువ ఖర్చులో ప్రొజెక్టర్ సుఖం తెలుసుకోవాలంటే ఆగాల్సిన మెట్టు ఇదే. ఓటీటీ యాప్‌ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఆండ్రాయిడ్ ఉందని రాసిన ప్రతిదానికీ నెట్‌ఫ్లిక్స్ లాంటివాటి అనుమతి ఉండదు. వైడ్‌వైన్ ఎల్1 అనే ధ్రువీకరణ లేకపోతే యాప్ తెరుచుకున్నా బొమ్మ తక్కువ నాణ్యతలోనే వస్తుంది. అనుమతి ఉన్న స్ట్రీమింగ్ స్టిక్ (ఓటీటీ యాప్‌లు నడిపే చిన్న పరికరం) ఒకటి హెచ్‌డీఎంఐకి తగిలిస్తే ఆ బెడద పోతుంది, అప్పుడు ప్రొజెక్టర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. మామూలు డీటీహెచ్ ఎస్‌డీ చానెల్‌ని వంద అంగుళాలకి సాగదీసి బొమ్మ బాలేదనుకుంటే ఆ తప్పు ప్రొజెక్టర్‌ది కాదు.

ముప్పై నుంచి అరవై వేల మధ్య కాస్త ఆగి ఆలోచించాలి. ఇక్కడ అందమైన పెట్టెలు చాలా ఉంటాయి. అరచేతిలో పట్టేవి, బ్యాటరీతో నడిచేవి, తల తిప్పేవి. ధరలో పెద్ద భాగం ఆ అందానికీ బ్యాటరీకీ పోతుంది, వెలుగు మాత్రం మూడు నాలుగు వందల ల్యూమెన్ల దగ్గరే ఉండిపోవడం మామూలు. ఊళ్లు తిరిగేవాళ్లకి బాగుంటాయి. ఒకే గోడకి పెట్టుకునేవాళ్లకి ఈ డబ్బుతో పాతిక వేలదీ, ఒక తెరా, ఒక సౌండ్‌బారూ కలిపి వస్తాయి. లేదా ఇంకొంచెం ఆగి పైమెట్టుకి వెళ్లొచ్చు.

ఆ పైమెట్టు అరవై డెబ్భై వేల నుంచి లక్షన్నర దాకా. హోమ్ థియేటర్ అనే మాటకి అర్థం ఇక్కడ మొదలవుతుంది. రెండు రకాల యంత్రాలు ఎదురవుతాయి. ఎప్సన్ వాడే 3ఎల్‌సీడీ పద్ధతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకి విడివిడిగా మూడు ప్యానెళ్లుంటాయి, మూడు రంగులూ ఒకేసారి తెర మీద పడతాయి. బెన్‌క్యూ, ఆప్టోమా వంటి కంపెనీలు ఎక్కువగా వాడేది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారుచేసే డీఎల్‌పీ చిప్. లక్షల సంఖ్యలో చిన్న చిన్న అద్దాలు అటూ ఇటూ ఒరుగుతూ బొమ్మ వేస్తాయి. ఇంట్లో వాడే వాటిలో చిప్ ఒక్కటే కాబట్టి రంగులు ఒకదాని తర్వాత ఒకటి వేగంగా మారుతూ పడతాయి. కొందరి కళ్లకి ఆ మార్పు పట్టుబడుతుంది, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల నుంచి చూపు పక్కకి తిప్పగానే ఇంద్రధనుస్సు మెరుపు కనిపిస్తుంది. అందరికీ కనిపించదు, కనిపించిన వాళ్లకి మాత్రం సినిమా అంతా అదే కనిపిస్తుంది. కొనేముందు ఇంట్లోవాళ్లందరి కళ్లనీ పరీక్షించాల్సిన విషయం ఇదొక్కటే.

క్రికెట్ వ్యవహారం వేరు. కొన్ని డీఎల్‌పీ మోడళ్లు తెల్లటి వెలుగు పెంచి చూపడానికి రంగుల చక్రంలో రంగు లేని ముక్క ఒకటి కలుపుతాయి. అలాంటివాటి మీద 3,600 ల్యూమెన్లని రాసి ఉంటే అది తెలుపు లెక్క, రంగుల వెలుగు అందులో చాలా తక్కువ. స్కోర్‌బోర్డు మెరుస్తుంది, మైదానం పచ్చదనం మాత్రం వెలవెలబోతుంది. 3ఎల్‌సీడీలో తెలుపు ఎంతో రంగులూ అంతే. వినాయక చవితి పందిరి దగ్గరో, వీధి చివర అరుగు మీదో ఊరంతా కూర్చుని మ్యాచ్ చూడ్డానికైతే ఆఫీసులు వాడి వదిలేసిన పాత 3,000 ల్యూమెన్ల 3ఎల్‌సీడీ కూడా కొత్త ఎల్ఈడీ 4కె పెట్టెని ఓడిస్తుంది. 1024x768 అయినా సరే, ఇరవై అడుగుల దూరం నుంచి చూసేవాడికి పిక్సెళ్ల లెక్క పట్టదు.

4కె గురించి కూడా ఇదే లెక్కతో ఆలోచించాలి. మామూలు చూపు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు దాకా విడదీయగలదు. వంద అంగుళాల మీద 1080 బొమ్మలో ఒక్కో పిక్సెల్ మిల్లీమీటరు కంటే కాస్త పెద్దది. పదమూడు అడుగులు దాటి కూర్చుంటే కంటికి అది విడిగా ఆనదు, కాబట్టి అక్కడ 4కెకి పెట్టిన డబ్బు కనిపించదు. పద్నాలుగు అడుగుల హాల్లో సోఫా సాధారణంగా పది అడుగుల దగ్గర పడుతుంది. అక్కడ తేడా తెలుస్తుంది, కానీ కొట్టొచ్చినట్టు కాదు. 720 బొమ్మలో మాత్రం పంతొమ్మిది అడుగుల దాకా పిక్సెళ్లు కనిపిస్తూనే ఉంటాయి. అంటే 720 నుంచి 1080కి మారడంలో వచ్చే లాభం, 1080 నుంచి 4కెకి మారడంలో రాదు. లక్ష, లక్షన్నరలో వచ్చే 4కె చాలామటుకు 1080 వరుసల చిప్‌నే ఒక్కో ఫ్రేములో నాలుగుసార్లు అర పిక్సెల్ మేర జరిపి చూపేది. అది మోసమేమీ కాదు, వివరం నిజంగానే పెరుగుతుంది. కానీ అదే డబ్బులో నలుపు బాగా చూపే 1080 మోడల్ దొరికితే, రాత్రి సీన్లు ఎక్కువుండే సినిమాలకి అదే మేలు. హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను మరింత ఎక్కువగా చూపే పద్ధతి) ముద్రను ఈ ధరల్లో అసలు లెక్కలోకి తీసుకోనక్కర్లేదు, అంత వెలుగు వీటికి లేదు.

లాంప్ మోడల్ అంటే భయపడేవాళ్లున్నారు. నాలుగు వేల గంటల లాంప్‌ని రోజుకి రెండున్నర గంటలు వాడితే నాలుగేళ్లు దాటి వస్తుంది. అదే టీవీకి బదులుగా పొద్దున్నుంచి రాత్రి దాకా ఎనిమిది గంటలు వేసి ఉంచితే ఏడాదిన్నరలోపే అయిపోతుంది. సినిమాలకైతే లాంప్‌కి భయం అక్కర్లేదు, చానెళ్లకైతే ఇరవై వేల గంటలు వచ్చే ఎల్ఈడీనో లేజర్‌నో చూసుకోవాలి. మన ప్రాంతానికి అసలు ఇబ్బంది కరెంటు. ఉన్నపళంగా కరెంటు పోతే లాంప్ వేడి మీద ఉండగానే పెట్టె లోపలి ఫ్యాన్ ఆగిపోతుంది, మళ్లీ వెంటనే వేద్దామన్నా చల్లారేదాకా అది వెలగదు. గాలివానల్లో లైన్లు పోవడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి కొత్త కాదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లున్నాయి. అంత పెద్ద దెబ్బకి ఏదీ ఆగదు కానీ, రోజువారీ కోతలకి ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ప్రొజెక్టర్ ప్లగ్గు దాని లైన్ మీదే ఉండాలి. లాంప్ మోడల్ 250 నుంచి 300 వాట్లు లాగుతుంది, చిన్న ఎల్ఈడీ పెట్టె వంద వాట్ల చుట్టుపక్కల. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ఆ లెక్కన చూసుకోవాలి.

లక్షన్నర దాటాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి గోడకి జానెడు మూరెడు దూరంలో బల్ల మీద కూర్చునే అల్ట్రా షార్ట్ త్రో లేజర్. దీనికి అటకతో పని లేదు, ఫ్యాన్‌తో పేచీ లేదు, ఎవరు ముందు నుంచి నడిచినా నీడ పడదు. కానీ వెలుగు గోడని ఏటవాలుగా రాసుకుంటూ పైకి పోతుంది కాబట్టి గోడ మీద ప్రతి బొడిపే, పుట్టీ పట్టీ, రోలర్ గీతా కొండలూ లోయలుగా కనిపిస్తాయి. పైకి చుట్టే మామూలు తెర వేస్తే దాని ముడతలు బొమ్మని వంకర తిప్పుతాయి. దీనికి బిగుతుగా ఫ్రేమ్‌కి లాగిన ప్రత్యేకమైన తెర తప్పనిసరి, దాని ఖరీదు వేలల్లో కాదు, పదుల వేలల్లో. ఆ తెర కలిపితే కానీ అసలు ధర తేలదు.

రెండోది సోనీ, జేవీసీ తయారుచేసే ఎల్‌కాస్ రకం. లక్షల్లో ఉంటుంది. దాని గొప్ప వెలుగులో కాదు, నలుపులో ఉంది. కానీ తెల్లటి గోడలు, తెల్లటి శ్లాబు, మెరిసే టైల్స్ ఉన్న హాల్లో తెర మీది వెలుగే గదంతా తిరిగి మళ్లీ తెర మీదే పడుతుంది, అక్కడితో ఆ నలుపు బూడిదవుతుంది. కొన్న వస్తువు పనితనం కనిపించాలంటే గోడలకి ముదురు రంగు వేయాలి, శ్లాబుకి కూడా. హాలుకి నల్లరంగు వేస్తామంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. విడిగా ఒక గది కేటాయించలేని వాళ్లు ఈ మెట్టు ఎక్కకపోవడం మంచిది.

తెర గురించి రెండు మాటలు. పాత ఇళ్లలో సున్నంలో నీలిమందు కలిపి వెల్ల వేస్తారు. కంటికి తెల్లగా కనిపించే ఆ గోడ ప్రొజెక్టర్ బొమ్మకి నీలం పులుముతుంది, మనుషుల ముఖాలు పాలిపోతాయి. మెరిసే పెయింటు వేసిన గోడ మీదైతే మధ్యలో ఒక వెలుగు మచ్చ తేలుతుంది. మెరుపు లేని తెల్ల ఎమల్షన్ నున్నగా వేయించడం మొదటి మెట్టు, నాలుగైదు వేలకి దొరికే మ్యాట్ తెర రెండోది. దుప్పటి కడితే సగం వెలుగు దాన్ని దాటి వెనక్కి పోతుంది. పొందూరు ఖద్దరు ఎంత సన్నని నేతైనా ఈ పనికి రాదు.

పెట్టెలో ఉండే స్పీకర్ల మీద ఆశ పెట్టుకోకూడదు. పైగా పెట్టె అటక మీద ఉంటే మాట వీపు వెనక నుంచి వినిపిస్తుంది, మనిషి మాత్రం ఎదురుగా పెదవులు కదుపుతుంటాడు. సౌండ్‌బార్ తెర కింద ఉండాలి, వీలైతే వైరుతోనే కలపాలి. బ్లూటూత్‌లో శబ్దం కాస్త వెనకపడుతుంది.

సంక్రాంతికి ఊరొచ్చిన చుట్టాలతో డాబా మీద సినిమా వేసుకోవడం ఇప్పుడు చాలా ఇళ్లలో సరదా. చీకటి బాగుంటుంది, గోడల అడ్డు లేదు. కానీ జనవరి మంచు ఊరికే పోదు. బయటి చలికి చల్లబడ్డ ప్రొజెక్టర్‌ని నేరుగా వెచ్చటి గదిలోకి తెస్తే చల్లటి లెన్స్ మీద చెమ్మ పడుతుంది. అరగంట ఆగి, ఆ గాలికి అలవాటు పడ్డాకే మళ్లీ స్విచ్ వేయాలి. కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు సముద్రానికి దగ్గరున్న ఇళ్లలో ఈ చెమ్మకి ఉప్పు గాలి తోడవుతుంది. నెలల తరబడి మూలన పడేస్తే లెన్స్ లోపల బూజు సాలెగూడులా అల్లుకుంటుంది, అది తుడిస్తే పోయేది కాదు. వాడని రోజుల్లో మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచాలి. వారానికొకసారి ఒక గంట వేసినా లోపలి వేడికి చెమ్మ ఆరిపోతుంది.

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా టీవీ షాపులకి కొదవ లేదు, ప్రొజెక్టర్‌ని చీకటి గదిలో వేసి చూపించే చోటు దొరకడం కష్టం. కాబట్టి ఎక్కువమంది ఆన్‌లైన్‌లోనే కొంటారు. అప్పుడు మోడల్ ధర కంటే ముందు చూడాల్సినవి రెండు. వాపసు గడువు ఎన్ని రోజులు, వారంటీలో బాగుచేయడానికి ఇంటికొస్తారా, లేక విశాఖకో హైదరాబాద్‌కో మనమే పంపాలా. విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద పైమాటే. పంపాల్సి వస్తే అసలు అట్టపెట్టె, థర్మాకోల్ లేకుండా తీసుకోమనే కంపెనీలున్నాయి. వాపసు గడువులోగా ఒక రాత్రి పూర్తి చీకట్లో మొత్తం నల్లటి బొమ్మ ఒకటి, మొత్తం తెల్లటి బొమ్మ ఒకటి వేసి దగ్గరికెళ్లి చూడాలి. నలుపులో మెరిసే చుక్క ఉంటే చెడిన పిక్సెల్, తెలుపులో మబ్బులాంటి మరక ఉంటే లోపల దుమ్ము. రెండు గంటల సినిమా పూర్తయ్యాక ఫోకస్ మళ్లీ చూడాలి, వేడెక్కాక జారిపోయేవీ ఉంటాయి. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా సర్దుకుపోకుండా అదే అట్టపెట్టెలో వెనక్కి పంపేయాలి.